ప్రసాదం, పంచనామా

రత్నగిరి కింద తొలిపావంచా దగ్గర పొద్దు వాలే వేళకి గాలి నేతివాసన వేస్తుంది. గోధుమ నూక, పంచదార, నెయ్యి, యాలకుల పొడి. ఉడికిన ప్రసాదాన్ని వేడి తగ్గకముందే విస్తరాకులో పొట్లం కడతారు. ఆ వేడికి ఆకు మెత్తబడి తన పసరు వాసన కాస్త ప్రసాదానికి ఇస్తుంది. ఇంట్లో ఎంత నెయ్యి పోసి చేసినా అన్నవరం ప్రసాదం రుచి రాదని ఆడవాళ్లు అంటారే, అది ఆ ఆకు మహిమేనని నా నమ్మకం. హైవే మీద లారీ ఆపి డ్రైవరు నాలుగు పొట్లాలు కొనుక్కుంటాడు. విశాఖ వైపు వెళ్లే కార్లు ఆగుతాయి. బస్సులో పొట్లం విప్పినవాడు తను తినేముందు పక్క సీటాయనకి పెడతాడు. ఆయనెవరో ఈయనకి తెలియదు. పుచ్చుకునే ఆయన కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి అందుకుని, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించడు.

ఆ ఒక్క క్షణం ఆలోచించడమే ముప్ఫై మూడేళ్లు నా ఉద్యోగం. ఎస్సైగా చేరి, సీఐగా రిటైరయ్యాను. సర్వీసంతా గోదావరి జిల్లాల్లోనే గడిచింది. రిటైరయ్యాక ఈ ఊళ్లో, కొండ కనిపించే డాబా మీద అద్దెకుంటున్నాం. పొద్దున్నే వ్రత మండపాల్లో పురోహితులు చెప్పే సత్యనారాయణస్వామి కథ మైకులో ఇక్కడిదాకా వినిపిస్తుంది. వినగా వినగా నాకొకటి తట్టింది. ఆ అయిదు అధ్యాయాల్లో దేవుడు ఎవరినీ అడవికి పోయి తపస్సు చెయ్యమనలేదు. తన పేరు చెప్పి పెట్టిన ప్రసాదం పుచ్చుకోమన్నాడు. కళావతి, మొగుడి పడవ వచ్చిందన్న ఆత్రంలో ప్రసాదం మరిచి రేవుకి పరుగెత్తితే పడవ నీళ్లలో కలిసిపోయింది. తుంగధ్వజ మహారాజు, గొల్లలు పెట్టిన ప్రసాదాన్ని గర్వంతో వదిలేసి పోతే బిడ్డలూ సంపదా పోయాయి. ఇద్దరూ వెనక్కి వచ్చి ప్రసాదం తిన్నాకే పోయినవి తిరిగొచ్చాయి.

తరతరాలుగా ఈ కథ విన్న మనకి ఒక అలవాటు ఒంటబట్టింది. ప్రసాదమని చేతిలో పెడితే కాదనం. ఎవరు పెట్టారు, ఎక్కడిది అని అడగడమే అపచారం. ఇంత విశాలమైన నమ్మకం మనకి మరో తిండి మీద లేదు. పెళ్లిభోజనంలో కూడా ఎవరు వండారని వాకబు చేసేవాళ్లున్నారు గాని, ప్రసాదం దగ్గర అందరి నోళ్లూ మూతపడతాయి.

2019 నవంబర్ మొదటి వారంలో ఒక ఉదయం పేపరు తెరిస్తే ఏలూరు వార్త. ఇరవై నెలల్లో పదిమంది హత్య. హంతకుడి ఆయుధం దగ్గర నా చూపు ఆగిపోయింది. ప్రసాదం.

ఆ దర్యాప్తులో నాకు పాత్ర లేదు. అప్పటికే యూనిఫాం విప్పేశాను. అప్పటి పశ్చిమ గోదావరి ఎస్పీ నవదీప్ సింగ్ గ్రేవాల్ బృందం బయటపెట్టిన సంగతులు ఇవి. ఏలూరులో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా ఉండే వెల్లంకి సింహాద్రి అలియాస్ శివ అనే వ్యక్తి 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబర్ దాకా కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో పదిమందిని చంపాడని పోలీసుల అభియోగం. మహిమ గల 'రైస్ పుల్లర్' నాణెం తెస్తాననో, గుప్తనిధి చూపిస్తాననో, డబ్బూ బంగారమూ తెస్తే రెట్టింపు చేస్తాననో నమ్మించేవాడు. సొత్తు పట్టుకుని రమ్మనేవాడు. వచ్చినవాళ్లకి ప్రసాదమనో మందనో చేతిలో పెట్టేవాడు. అందులో సయనైడ్. చనిపోయినవాళ్లలో అతని సొంత బంధువులున్నారు. ఒక ఆశ్రమంలో ఉండే స్వామీజీ ఉన్నారు. సయనైడ్ అందించాడని విజయవాడకి చెందిన మరో వ్యక్తినీ అరెస్టు చేశారు.

సయనైడ్ చేసే పని ఎప్పుడు తలుచుకున్నా నాకు వెన్ను జలదరిస్తుంది. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు. నెత్తురు నిండా ప్రాణవాయువు ఉంటుంది. ఆ వాయువుని ఒంట్లో కణాలు వాడుకోలేకుండా విషం అడ్డుపడుతుంది. నిండుకుండ పక్కనే దాహంతో చచ్చిపోయినట్టు. నిమిషాల్లో అయిపోతుంది. పైకి గాయం ఉండదు. చేదు బాదం వాసన వస్తుందంటారు గాని, పుట్టుకతోనే ఆ వాసన తెలియని ముక్కులు చాలా ఉన్నాయి. చూసినవాళ్లకి అది గుండెపోటు. ఏలూరు వ్యవహారంలో కొన్ని కుటుంబాలు అలాగే నమ్మి, సహజ మరణమనుకుని, ఏడ్చి, కర్మకాండలు జరిపించుకున్నాయి.

పేపరువాళ్లు 'సీరియల్ కిల్లర్' అని పెద్దక్షరాల్లో వేశారు. మా ఇంటికొచ్చిన మేనల్లుడు నన్ను అడిగాడు.

"మావయ్యా, ఇరవై నెలలు దొరకలేదంటే వాడి బుర్ర మామూలు బుర్ర కాదు కదా?"

"బుర్ర కాదురా. ఎవరూ వెతకలేదు. దొంగ పడ్డాడని తెలిస్తేగా వెతికేది?" అన్నాను.

పరిశోధక అధికారి చూపుకీ సినిమా చూపుకీ తేడా ఇక్కడే ఉంది. సినిమా హంతకుడితో మొదలవుతుంది. వాడి గది, వాడి నవ్వు, గోడ మీద వాడు అంటించుకున్న ఫొటోలు చూపిస్తుంది. మా పని శవంతో మొదలవుతుంది. హంతకుడు మాకు మొదట కనబడడు. ఒక ఊళ్లో, ఒక అరుగు మీద, తెల్ల దుప్పటి కింద ఒక మనిషి ఉంటాడు. పక్కన గోల. రైటరు కాగితాలు తీస్తాడు. అది ఒకే ఒక్క మరణం. అలాంటి మరణాల విచారణకి అప్పటి సీఆర్పీసీ సెక్షన్ 174, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 194. 'వరుస హంతకుడు' అనే మాట ఫైలు మొదటి పేజీలో ఎప్పుడూ ఉండదు. వేరువేరు స్టేషన్లలో, వేరువేరు చేతిరాతల్లో ఉన్న కాగితాలని ఎవరో ఓపికగా ఒకచోట పరిచినప్పుడు చివరి పేజీలో పుడుతుంది.

ఆ మాటని మొదట వాడినవాళ్లలో ఒకరు కూడా ఓపిక గల పోలీసే. బెర్లిన్ హత్యల విభాగాన్ని నడిపిన ఎర్న్‌స్ట్ గెన్నాట్, డ్యూసెల్‌డార్ఫ్ నగరాన్ని వణికించిన పీటర్ క్యూర్టెన్ గురించి 1930లో రాస్తూ ఆ అర్థమిచ్చే జర్మన్ మాట వాడాడు. ఇంగ్లిషులో ఆ మాటకి వ్యాప్తి వచ్చింది ఆ తర్వాత నలభై యాభై ఏళ్లకి, ఎఫ్‌బీఐ అధికారి రాబర్ట్ రెస్లర్ లాంటివాళ్ల వల్ల. గెన్నాట్‌ని నేను గురువుగా తలుచుకోవడానికి కారణం ఆ మాట ఒక్కటే కాదు. ఎక్కడెక్కడి హత్యల వివరాలనో సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసేందుకు వీలుగా ఒకచోట భద్రపరిచే పద్ధతి పెట్టాడాయన. విడివిడిగా పడి ఉన్న కాగితాలని కలిపి చదవాలని ఆయనకి తెలుసు.

ఇవాళ మనకి సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ వ్యవస్థ ఉంది. దేశంలో స్టేషన్లన్నీ ఒక తీగ మీదికి వచ్చాయి. అయితే ఆ తీగ, రాసిన కాగితాలనే కలపగలదు. అసలు కాగితమే పుట్టని మరణాన్ని ఏ కంప్యూటరూ కలపలేదు. ఊరి పెద్దలు 'గుండె ఆగిపోయింది' అన్న క్షణంలోనే ఆ చావు చరిత్రలోంచి జారిపోతుంది.

ఏలూరులో గొలుసు తెగింది ఎలాగో చూడండి. 2019 అక్టోబర్ 16న ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు డబ్బూ బంగారమూ పట్టుకుని ఇంట్లోంచి వెళ్లారు. తిరిగి రాలేదు. మనిషి పోయాడు, వెంట తీసుకెళ్లిన సొత్తు కనబడలేదు. ఆ ఇంటివాళ్లు ఏడుస్తూనే లెక్క చూసుకున్నారు, లెక్క తేలలేదని చెప్పారు. పోలీసులు ఫోన్ కాల్ డేటా తీశారు. అందులో ఒక నంబరు దొరికింది. ఆ నంబరు వెంట పాత చావులు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. పదిమంది చావుల వెనక ఉన్న మనిషిని బయటికి లాగింది ఒక ఇంటి దుఃఖంలో మిగిలి ఉన్న చిన్న ప్రశ్న. 'మరి ఆ డబ్బేదీ?'

ఈ ప్రశ్న దగ్గరే నా కథ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్లుగా లోపల ఉంది.

1990ల నడుమ, నేను ఎస్సైగా ఒక లంక మండలంలో ఉన్నాను. శ్రావణమాసం. వాన పట్టింది. రైస్ మిల్లు గుమస్తా ఒకాయన మధ్యాహ్నం వసూళ్లకి వెళ్లి ఇంటికొచ్చి, వాంతి చేసుకుని, అరుగు మీద వాలిపోయి లేవలేదని కబురొచ్చింది. నలభై అయిదేళ్లు ఉంటాయేమో. నేను వెళ్లేసరికి పాడె కడుతున్నారు. మృతుడి తల్లి నా కాళ్ల మీద పడిపోయింది. "కొయ్యకండి బాబూ. నా బిడ్డని నిండు శరీరంతో పంపించుకోనివ్వండి." గర్భిణిగా ఉన్న భార్య గోడకి ఆనుకుని కూచుంది, మాట లేదు. పెద్దాసుపత్రి ఏటికి అవతల, వానలో పంటు దాటి వెళ్లాలి.

మా హెడ్ కానిస్టేబుల్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను పక్కకి తీసుకెళ్లి నెమ్మదిగా అన్నాడు.

"సార్, నోటి దగ్గర నురగ చూశారా? నాకేదో మందు వాసన తగులుతోంది. ఎందుకైనా మంచిది, పంపించేద్దాం సార్."

"వాంతి అయిందన్నారుగా. ఆ ముసలావిణ్ణి చూడండి. ఇప్పుడు శవాన్ని పంటెక్కించి కోతకి పంపితే ఊరు ఒప్పుకుంటుందా?" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. మృతుడి అన్నగారి చేత రాయించాం. ఆ వాక్యం రాష్ట్రంలో ప్రతి రైటరుకీ కంఠతా వచ్చు. 'మాకు ఎవరి మీదా ఎటువంటి అనుమానం లేదు.' పెద్దమనుషులు నలుగురు సంతకాలు పెట్టారు. చీకటి పడేలోగా దహనం అయిపోయింది. తిరిగి వస్తూ, ఒక కుటుంబం మీద దయ చూపించానన్న తృప్తి నాకు కలిగింది కూడా.

నెల తిరిగాక మిల్లు యజమాని స్టేషన్‌కి వచ్చాడు. ఆ రోజు గుమస్తా వసూలు చేసిన డబ్బు ఇంట్లో లేదట, ఇచ్చినవాళ్లు మాత్రం ఇచ్చామంటున్నారట. నేను తిరిగాను. ఎవరింట్లో భోంచేశాడో, ఎవరు మజ్జిగ ఇచ్చారో ఆరా తీశాను. వానలో కాలిన చితి బూడిద అప్పటికే గోదాట్లో కలిసిపోయింది. గోదావరిని ఏం అడుగుతాను? ఆ చావు గుండెపోటే అయి ఉండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్న తలుపుని నా చేతుల్తో నేనే మూసేశాను. ఆ పని దయతో చేశాను కాబట్టే ఇంకా నొప్పి.

ఇలాంటి తలుపులు చాలా మూసుకున్నాయని తర్వాత తర్వాత తెలుసుకున్నాను. కేరళలోని కూడత్తాయిలో ఒకే కుటుంబం చుట్టూ 2002 నుంచి 2016 దాకా ఆరుగురు చనిపోయారు. 2011లో పోయిన ఒకాయన పోస్టుమార్టంలో సయనైడ్ కనబడింది కూడా. ఆత్మహత్య అనుకుని ఫైలు మూశారు. చనిపోయినాయన తమ్ముడు అమెరికాలో ఉండి కూడా పట్టు వదలకుండా ఫిర్యాదు చేస్తే, 2019 అక్టోబర్‌లో సమాధులు తవ్వారు. జాలీ జోసెఫ్ అనే ఇంటి కోడల్ని అరెస్టు చేశారు. ఆ వార్త దేశమంతా మారుమోగుతున్న నెలలోనే మన ఏలూరులో ఆ ఉపాధ్యాయుడు ప్రాణం పోగొట్టుకున్నారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2007 చివర్లో, కర్ణాటక పోలీసులు కెంపమ్మ అనే ఆమెని పట్టుకున్నారు. గుళ్లకి వచ్చే బాధల్లో ఉన్న ఆడవాళ్లని పూజ పేరుతో నమ్మించి, తీర్థంలో సయనైడ్ కలిపిన మనిషి. తీర్థం, ప్రసాదం, ఇంటి కోడలు పెట్టిన అన్నం. విషం ఎప్పుడూ మనం అడ్డు చెప్పని దారినే వెతుక్కుంటుంది.

ఇంగ్లండులో ఆ దారి పేరు డాక్టరుగారు. హైడ్ అనే చిన్న పట్టణంలో హెరాల్డ్ షిప్‌మన్ ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి ఇంజక్షన్ ఇచ్చేవాడు. మరణ ధ్రువపత్రం కూడా అతనే రాసేవాడు. 1998 మొదట్లో, ఇతని రోగులు మరీ ఎక్కువగా పోతున్నారని మరో డాక్టరు అనుమానపడితే పోలీసులు పైపైన చూసి వదిలేశారు. ఆ ఏడాదే ఒక ముసలావిడ పోయాక, న్యాయవాది అయిన ఆమె కూతురు వీలునామా చూసి 'మా అమ్మ ఇలా టైపు చేయించదు' అంది. శవాన్ని తవ్వి తీశారు. 2000 జనవరిలో పదిహేను హత్యలకి శిక్ష పడింది. తర్వాత విచారణ సంఘం తేల్చిన లెక్క 215. డిగ్రీలూ చదువులూ ఉన్న దేశంలో కూడా గొలుసు తెంచింది ఒక కూతురి అనుమానమే.

మన గోదావరి గట్టుకే ఇంకో గొలుసు తగిలింది. 2020 మార్చిలో అప్పటి పశ్చిమ గోదావరిలో నిడదవోలు సమీపాన రైలు పట్టాల పక్కన ఒక మహిళ శవం దొరికింది. ఎవరో తెలియదు. గుర్తు తెలియని శవంగా రైల్వే పోలీసుల దగ్గర కాగితం పుట్టింది. అక్కడికి ఎంతో దూరంలో, వరంగల్ పక్కన గొర్రెకుంటలో, గోనెసంచుల గోదాములో పనిచేసే వలస కుటుంబంలో ఒక స్త్రీ అడుగుతూనే ఉంది, మా పిల్ల ఏదీ అని. ఆ పిల్లని తీసుకెళ్లిన సంజయ్ కుమార్ యాదవ్ అనే యువకుడు బంధువుల ఇంట్లో వదిలానని బొంకాడు. ఆవిడ నమ్మలేదు, పోలీసులకి చెప్తానంది. మే 20 రాత్రి తిండిలో నిద్రమాత్రలు కలిపి, తొమ్మిదిమందిని పాడుబడ్డ బావిలో పడేశాడు. అక్టోబర్ 28న వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. నిడదవోలు దగ్గరి శవం ఎవరిదో లోకానికి తెలిసింది, ఈ తొమ్మిది శవాలూ తేలాకనే.

ఆ రెండు కాగితాలు, అక్కడి అనాథ శవం, ఇక్కడి ఒక ఆడమనిషి ప్రశ్న, ముందే ఒకదానికొకటి ఎదురుపడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. నిడదవోలు స్టేషన్ మీదుగా రైల్లో వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి పట్టాల పక్క తుప్పల్ని చూస్తాను. అడిగినందుకు ప్రాణం పోయిన ఆ తల్లికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ కేసులో మొట్టమొదటి పరిశోధక అధికారి ఆవిడే.

మన భాషలో 'అనుమానం' అనే మాటకి మంచి పేరు లేదు. అనుమానం పెనుభూతం అంటాం. అనుమానపు మొగుడు అంటాం. అయితే ఈ మాట పుట్టింట్లో చాలా గౌరవం పొందింది. మన తర్కశాస్త్రంలో సత్యం తెలుసుకునే సాధనాలు నాలుగు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కళ్లతో చూడటం మొదటిదైతే, చూసినదాన్ని పట్టుకుని చూడనిదాన్ని తెలుసుకోవడం రెండోది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని తెలియడం దానికి వాళ్లిచ్చిన ఉదాహరణ. తెల్లవారుజామున రత్నగిరి మీద పొగలాంటి మంచు కనబడితే నాకు ఇది గుర్తొస్తుంది. అది పొగా, పంపా నది మీంచి లేచిన మంచా అని నిదానించి చూడటం కూడా శాస్త్రమే.

సంసారాల్లో చిచ్చుపెట్టే అనుమానం మనిషి మీద పుడుతుంది. వాళ్ల ముఖం మీద, కులం మీద, నడక మీద వాలుతుంది. ఋజువు అక్కర్లేకుండానే పెరుగుతుంది. శాస్త్రం చెప్పిన అనుమానం గుర్తు మీద పుడుతుంది. నోటి దగ్గర నురగ, తేలని లెక్క, టైపు చేసిన వీలునామా, చెప్పిన ఊరికి చేరని పిల్ల. గుర్తు తప్పని తేలితే వెంటనే తప్పుకుంటుంది కూడా. మంచి పోలీసు అంటే మొదటి అనుమానాన్ని తనలోంచి ఏరిపారేసి, రెండోదాన్ని మాత్రం పెంచుకున్న మనిషి. మా హెడ్ కానిస్టేబుల్ ఆ రోజు వానలో నాకు చెప్పింది ఆ శాస్త్రమే. ఆయన తర్కం చదవలేదు. ముప్ఫై ఏళ్లు శవాల పక్కన నిలబడ్డాడు.

మరి హంతకుడు? ఏలూరు నిందితుడి గురించి ఎవరైనా ఉత్సాహంగా అడిగితే నాకు చెప్పబుద్ధి కాదు. అతని గురించి చెప్పుకోవలసిన లోతు ఏమీ లేదు. డబ్బు కావాలి, కష్టపడకుండా కావాలి, ఎదుటివాడి ప్రాణం అడ్డు కాదు. అభియోగమంతా విప్పితే మిగిలేది అంతే. అతని తెలివి అంటున్నది నిజానికి మన లోకం నుంచి అరువు తెచ్చుకున్నది. బాధితులు ఎవరికీ చెప్పకుండా వస్తారని తెలుసు, ఎందుకంటే గుప్తనిధి మాట బయటికి చెబితే ఫలించదని మనవాళ్ల నమ్మకం. ప్రసాదమంటే తింటారని తెలుసు. చచ్చిపోతే గుండెపోటంటారని తెలుసు. కొయ్యొద్దని బతిమాలతారని, మాలాంటివాళ్లం వింటామని కూడా తెలుసు. పోయినవాళ్లని 'ఆశపోతులు' అని తేలిగ్గా తీసిపారేసినవాళ్లని చూశాను. అది అన్యాయం. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉన్నవాడు, అప్పు తీరనివాడు, జబ్బు నయం కానివాడు ఒక దారి దొరికిందనుకుని వెళ్లాడు. ఆశపడటం నేరమైతే కొండెక్కి వ్రతం చేసుకునే మనమందరం నేరస్తులమే.

కాబట్టి చిన్నవయసు ఎస్సైలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక పెద్దవాడిగా ఒక మాట. వరుస హంతకుల్ని పట్టుకోవడం గొప్ప అధికారుల పని అనుకోకండి. అది మీ మండలంలో, మీరు రాసే మొదటి పంచనామాలోనే మొదలవుతుంది. 'అనుమానం లేదు' అన్న వాక్యం వాళ్ల చేత రాయించే ముందు, శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అయిదు నిమిషాలు చూడండి. చివరిసారి ఎవరితో ఏం తిన్నారో అడగండి. జేబులో ఎంత ఉండాలి, ఎంత ఉంది అని అడగండి. మీ హెడ్ కానిస్టేబుల్ పక్కకి పిలిస్తే వెళ్లండి. తల్లి కాళ్లమీద పడితే ఆమెని లేపి, పక్కన కూచుని, మీరూ కన్నీళ్లు పెట్టుకోండి. పెట్టుకుని, శవాన్ని ఆసుపత్రికి పంపించండి. ఆమె ఆ రోజు మిమ్మల్ని తిడుతుంది. ఆ తిట్టు మోయడానికే ప్రభుత్వం మీకు జీతమిస్తోంది. ఊరంతా ఒకరినొకరు నమ్మి ప్రసాదం పంచుకుని బతకాలంటే, ఊరి తరఫున ఒకడు అనుమానపడే బరువు మొయ్యాలి. పదిమందీ నిశ్చింతగా నమ్మగలిగేది, ఆ ఒక్కడు మెలకువగా ఉన్నప్పుడే.

కిందటి కార్తీకమాసంలో కొండమీదికి వెళ్లాను. దర్శనం చేసుకుని, చక్రాల మీద నిలబడ్డ రథంలా ఉండే ఆ గుడి చుట్టూ తిరిగి, మెట్ల దగ్గర ఒక పక్కగా కూచున్నాను. వ్రతం చేసుకుని వస్తున్న ఒక కుటుంబం నన్ను దాటి వెళ్లింది. అందులో ఒకావిడ ఆగి, వెనక్కి వచ్చింది. అరవై దాటి ఉంటాయి.

"మీరు మా లంకలో ఎస్సైగారుగా చేసినవారు కదుటండీ?"

పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. గోడకి ఆనుకుని మాట లేకుండా కూచున్న మనిషి. ఆవిడ వెనకాల కొత్తబట్టల్లో ఉన్న యువకుణ్ణి చూపించి, అప్పుడు కడుపులో ఉన్నవాడు వీడేనండీ, ఇవాళ పెళ్లి తర్వాత వ్రతం చేయించాం అంది. అంటూనే ఆవిడ గొంతు మారింది.

"మా అత్తగారు పోయేదాకా మిమ్మల్ని తలుచుకునేవారండీ. మా ఆయన్ని కోతకి పంపకుండా కాపాడారని. మీ దయవల్ల నిండుగా సాగనంపుకున్నాం బాబూ."

ఇన్నేళ్లూ నేను నా తప్పుగా దాచుకున్నదాన్ని ఆ ఇంట్లో పుణ్యంగా తలుచుకున్నారు. ఆ మాట సరిదిద్దే హక్కు నాకుందా? మీ ఆయన ఎలా పోయాడో నేను కనుక్కోలేదమ్మా అని, కొడుకు పెళ్లి మర్నాడు, గుడి మెట్ల మీద చెప్పగలనా? పోనీ చెప్పకపోవడం ఆ రోజు చేసిన తప్పునే మళ్లీ చెయ్యడమా? నా నోట మాట రాలేదు.

ఆవిడ పొట్లం విప్పింది. ఆకు ఇంకా వెచ్చగా ఉంది. "తీసుకోండి బాబూ" అంది. కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించాను. చెయ్యి వణికింది. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను ఆ ముద్దని మింగడానికి చాలాసేపు పట్టింది.